శునక సాహచర్యము - దేహపరిశ్రమ

వ్యాయామమనగానే మనకు దండీలు, బస్కీలు, సాముగరిడీలు జ్ఞప్తికి వచ్చును. ఇంట నొక కుక్కను పెంచుటయు వ్యాయామమే యని యెవరైన ననినచో నవ్వుదుము. 11 సంవత్సరముల క్రిందట నేనును నవ్వినవాడనే.

అప్పటికి నాకు 54 ఏండ్లు. నెత్తురులో చక్కెర హెచ్చినదనియు, ప్రతిదినము నడువవలసినదేననియు వైద్యుడు చెప్పెను. మంచి బూట్లు కొంటిని, చేతికఱ్ఱ కొంటిని. మొదటివారము రాజమహేంద్రవరమున గోదావరిగట్టుపై నడిచితిని కూడ. రెండవవారమున వాన వచ్చెను. మూడవవారమున చుట్టములు వచ్చిరి. పిమ్మట నే కారణమును రాకయే నడక నిలిచిపోయెను. చేతికఱ్ఱ తలుపుమూల చేరెను. ఇట్టి చరిత్ర శ్రోతలలో పలువురకు స్వానుభవమే యని నమ్ముచున్నాను.

ఆ యేడే మా యల్లుడు బదిలీపై పోవుచు తన కుక్కపిల్లను మా యింట విడిచిపోయెను. గొప్పజాతి కాదు; వీధికుక్క పిల్లయే. భైరవుడని పేరు. తెల్లవాఱుజామున 5 గంటలగుసరికి మంచమునొద్ద నిలిచి తడిముక్కుతో నా యఱచేతిని తాకును. లేవనిచో మూలుగును. అప్పటికిని లేవనిచో గొలుసును నోట కఱచుకొని వచ్చి పక్కపై పడవేయును. నేడు బడలికగా నున్నది, రేపు పోదమని నేననుకొన్నచో నా మనస్సు వెంటనే నమ్మును, భైరవుడు నమ్మడు. భారతమున ధర్మరాజు మహాప్రస్థానమునకు వెడలినపుడు తమ్ములు నడుమనే పడిపోయిరి. కడవఱకు వెంట నడిచినది కుక్కయే గదా!

ఇంగ్లండులో లివర్‌పూల్ సమీపమున 385 కుటుంబములను పరిశీలించి 2019లో పండితులొక వ్యాసము ప్రకటించిరి. వారమునకు 150 నిమిషములు దేహపరిశ్రమ చేయవలెనను నియమమును నెరవేర్చుటకు కుక్కలు గలవారికి, లేనివారికంటె నాలుగింతల యవకాశము కలదని అందు తేలినది. నడకయందు ప్రీతి గలవారే కుక్కలను పెంచుదురేమో యను శంక యుండనే యున్నది. నా మట్టుకు నాకు నడకయందు ప్రీతి యెన్నడును లేదు. కుక్కను గుమ్మమునకు కట్టివేసి నౌకరుచేత త్రిప్పించువారికి మాత్రము ఫలమేమియు లేదు. ఆ పుణ్యము నౌకరుది.

ఇది కవాతువంటి నడక కాదు. మనము గట్టుపై నెదురైనవారిని కుశలమడిగినట్లు భైరవుడు ప్రతి స్తంభమును వాసన చూచి పలుకరించును. ఇట్లు నిలిచి నిలిచి నడచినచో గుండెకు పని చాలదు. అందుచే పోవునపుడు దాని యిచ్ఛ, వచ్చునపుడు నా యిచ్ఛ యని యొడంబడిక చేసికొంటిమి. వచ్చునపుడు మాటలాడ వీలగును గాని పాట పాడ వీలుకాదు, అంత వేగముండవలెను.

అపాయమును చెప్పక దాచుట తగదు. ఒకనాడు గొలుసును మణికట్టునకు చుట్టుకొని నడచుచుంటిని. పిల్లి యొకటి యడ్డము వచ్చెను. భైరవుడు దుమికెను, నేను రేవుమెట్లపై పడితిని. ఆఱు వారములు చేతికి కట్టు. అమెరికాలో 2001 మొదలు 2020 వఱకు ఇట్లు గాయపడి ఆస్పత్రులకు పరుగెత్తిన పెద్దలు నాలుగు లక్షలకు పైబడిరట. అందు వ్రేలియెముకలు విఱిగినవారే హెచ్చు. నాటినుండి గొలుసుకొనను పిడికిట పట్టుటయే గాని చుట్టుకొనుట మానితిని.

ఎండకాలమున మఱియొక జాగ్రత్త. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమర్చదు. ముఖ్యముగా నాలుక వ్రేలాడవేసి రొప్పుటచేత తాపము తీర్చుకొనును. తారురోడ్డుపై అఱచేతి వెనుకతట్టు ఏడు సెకనులపాటు మోపి చూడుడు. మీకు ఓర్వరానిది దాని పాదములకును ఓర్వరానిదే. అందుచే రోహిణీకార్తెలో సూర్యోదయమునకు ముందే ఇల్లు చేరుదుము.

ఇప్పుడు భైరవుడు ముసలివాడైనాడు. కోటిలింగాలరేవునుండి పుష్కరరేవువఱకు నన్ను లాగుకొనిపోయిన కుక్క, నేడు వెనుకకాళ్ల కీళ్లు పట్టుకొని నడిదారిలో కూర్చుండి నా మొగము చూచును. ఎత్తుకొని వచ్చుట వేఱొక వ్యాయామము. అది లేని నాడు నేను నడచెదనో, బూట్లు అటకెక్కునో నాకే సందేహము. అందుచే గడచిన నెలనుండి దానిని కొంతదూరము త్రిప్పి యింట చేర్చి, తలుపుమూలనున్న ఆ చేతికఱ్ఱను తీసికొని తిరిగి నేనొక్కడనే గట్టునకు పోవుచున్నాను. నేను వచ్చువఱకు అది గడపయొద్ద పడుకొని వీధివంక చూచుచుండును. ఆలస్యమైనచో మొఱుగును.