పత్రికల్లో పాత బొమ్మలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికల్లో వచ్చిన పాత బొమ్మలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. బొమ్మలంటే ముందుగా బాపుగారే. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1955లో మద్రాసులో లా పాసయ్యారు, కానీ మనకు దక్కింది ఆయన గీత. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగుకు రూపం ఇచ్చింది ఆయనే. నాలుగు గీతలు గీస్తే బుడుగు, ఇంకో రెండు గీస్తే రెండుజెళ్ళ సీత!

గీతలు తక్కువగా ఉండటానికి అచ్చు ఇబ్బంది కూడా ఒక కారణమే. ఆ రోజుల్లో బొమ్మను జింకు రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌తో తినిపించి బ్లాకు చేసేవారు. ఫోటో అయితే నాసి కాగితం మీద మసిబారి, మంత్రిగారెవరో బంట్రోతెవరో తెలిసేది కాదు. నల్లగీత మాత్రం శుభ్రంగా పడేది. ఆఫ్‌సెట్ వచ్చాక ఆ బాధ తప్పింది.

మా ఆఫీసులో టేబుల్ అద్దం కింద దేవుడి పటం పక్కన ఒక కార్టూన్ ముక్క ఉండేది. ఆఫీసరు వస్తే దాని మీద ఫైలు పెట్టేవాళ్ళం!

ఇక మన నెల్లూరు సంగతి. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడులు పెట్టారు గదా, ఆ వాచకంలో సీతమ్మ కథ ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి సారా అంగడి మూయించారు. 1992లో జిల్లా అంతా అంటుకుంది. వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. పత్రికల్లో వార్తలతోబాటు కార్టూన్లు కూడా వచ్చేవి. అప్పుడు నేను సముద్రం పక్క మండలంలో పనిచేస్తున్నాను. పట్టపుపాలెంలో టీ అంగడి తడికెకు ఒక బొమ్మ అంటించారు. కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకామె దాన్ని చూసి, "ఈ తూలేది మా ఇంటాయనే సార్, పేరొకటే రాయలేదు" అనింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ పాట సొమ్ము ఖజానాకు జమయ్యేది, మన జీతాలూ ఆ ఖజానా నుంచే. అందుకే ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు నవ్వు సగంలోనే ఆగిపోయేది.

1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. 1995లో వచ్చిన పూర్తి నిషేధం రెండేళ్ళకే సడలింది, అది వేరే కథ.

మన తీరంలో ఉప్పుగాలికి కాగితం నిలవదు. ఆనాటి కటింగులు ఎవరింట్లో ఉన్నా వచ్చే మీటింగుకు తెండి. మా మనవడు సెల్‌ఫోనులో ఫోటోలు తీసి అప్పటికప్పుడే ఇచ్చేస్తాడు. చెదలు కొట్టినవైనా సరే.