పడమటి కొండల్లో ఒక రోజు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విహారయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్లినవాళ్లం ఇరవై ఆరుగురం. మోకాళ్ల నొప్పి లేనివారు ఇద్దరే. అయినా తెల్లవారి అయిదున్నరకే అందరూ బస్సు దగ్గరున్నారు. సర్వీసులో ఈ హాజరు చూపి ఉంటే పై అధికారులు ఎంత సంతోషించేవారో!

మదనపల్లెలో ముందుగా బి.టి. కళాశాల చూశాం. 1915లో అనిబిసెంట్ స్థాపించిన కళాశాల అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బసచేసి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టారు. అక్కడి చెట్ల కింద మేమంతా నిలబడి జాతీయగీతం పాడాం. కొందరికి కళ్లు చెమర్చాయి.

తర్వాత పుంగనూరు. జమీందారుల నాటి ఊరు. దాని పేరు నిలబెట్టింది మాత్రం పొట్టి ఆవు. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవు పాలలో వెన్న శాతం చాలా ఎక్కువ. ఈ ప్రాంతంలో పూర్వం పశువులే సంపద. వాటిని తోలుకుపోయే శత్రువుల్ని ఎదిరించి చనిపోయినవారికి ఊరివాళ్లు వీరగల్లులు నిలిపేవారు. బాణులు, వైదుంబులు, నొలంబులు పోరాడుకున్న కాలం నాటివి, అంటే వెయ్యేళ్ల కిందటివి, ఈ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

అక్కడ బస్సును కాస్త దారి మళ్లించమని అడిగాను. కారణం అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

1983లో నేను ఆ ప్రాంతంలో రెవిన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. ఒక పల్లెలో రోడ్డు వెడల్పు చేస్తుంటే అంచున ఒక రాయి అడ్డొచ్చింది. విల్లు పట్టిన మనిషి బొమ్మ, పైన రెండు వరుసల అక్షరాలు. ఒక ముసలమ్మ వచ్చి, "దాన్ని కదిలించబాకండి సామీ, మా వీరుడు" అంది. నేను వినలేదు. "అడ్డుగా ఉన్న రాయి, తొలగించవచ్చు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ రాయి ఇప్పుడు చేతిపంపు దగ్గర బట్టలుతికే బండ అయింది. వీరుడి కాళ్లు మాత్రం పోల్చుకోవచ్చు. అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ఆ వీరుడి పేరేమిటో ఇక ఎవరూ చదవలేరు. ముసలమ్మ పోయి చాలా ఏళ్లయిందన్నారు.

అక్కణ్ణించి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరి, కంగుంది చూశాం. ఒకప్పుడు జమీందారీకి పేరిచ్చిన ఊరు. కొండమీద కోట శిథిలాలున్నాయి. నలుగురే పైకెక్కారు. మిగతావాళ్లం కింద కూర్చుని రాగి సంగటి, ఊరుబిండి తిన్నాం. అందరూ నవ్వుతూనే ఉన్నారు గాని నాకు ముద్ద దిగలేదు.

ఇంటికొచ్చాక పురావస్తు శాఖకు ఆ రాయి గురించి అర్జీ రాశాను. ముప్ఫై ఏళ్లు అర్జీలు తీసుకున్నవాణ్ణి, నా చేత్తో రాసిన మొదటి అర్జీ అదే.

మిత్రులారా! మనం తిరగని పల్లె లేదు. చెరువుకట్ట మీదో, రచ్చబండ పక్కనో, పొలం గట్టునో ఇలాంటి రాళ్లు మీరూ చూసే ఉంటారు. గుర్తున్నంత వరకు ఊరి పేరు, రాయి ఉన్న చోటు ఒక కార్డు మీద రాసి మన సంఘానికి పంపండి. అన్నీ కలిపి శాఖకు అందజేద్దాం. పింఛను ప్రతి నెలా వస్తుంది. మన జ్ఞాపకం మాత్రం రోజురోజుకూ తరిగిపోతోంది.