"బాగుంది" అంటే సరిపోతుందా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని ఆదేశించారు. ఫీజులు, పుస్తకాల సంగతి కార్యదర్శిగారి నివేదికలో వస్తుంది. మేము ఒక చిన్న విషయం ఎత్తుకుంటున్నాము. ఒకరు వ్రాసినదాన్ని ఇంకొకరు చదివి, దాని క్రింద తమ అభిప్రాయం ఎలా వ్రాయాలి అన్నది.

ఆదివారం పూట మన పిల్లలచేత ఇక్కడ ఏటికొప్పాకలో గోడపత్రిక పెట్టిస్తున్నాము. ఒక్కొక్కరూ తాము వ్రాసిన కాగితం అట్టమీద అంటిస్తారు. క్రింద జానెడు ఖాళీ వదులుతారు. చదివినవారు అక్కడ అభిప్రాయం వ్రాయాలి. మొదట్లో ఆ ఖాళీలో రెండే రకాలు కనిపించాయి. ఒకటి "బాగుంది, సూపర్". రెండోది తప్పులు పట్టడం. మన ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, బడిలో వ్రాసేది తెలుగు. "ళ" బదులు "ల" పడటం, ఒత్తు జారిపోవటం మామూలే గదా.

అయిదో తరగతి పిల్ల ఒకతె, వాళ్లమ్మ రాత్రిళ్లు కూర్చుని పండుగ బట్టలు కుట్టడం గురించి వ్రాసింది. క్రింద ముగ్గురు ఎర్రసిరాతో అక్షరదోషాలు దిద్దారు. అమ్మను గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తరువాత రెండు వారాలు ఆ పిల్ల కాగితం గోడమీదికి రాలేదు.

ఇది ఉపన్యాసంతో తీరే పని కాదని, మన ఊరి లక్కబొమ్మనే పిల్లల ముందు పెట్టాము. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద అవే ఊరేగాయి. అటువంటి ఒక బొంగరం చూపి, "దీన్ని చేసినాయనకు ఏం చెబుతారు?" అన్నాము. "బాగుంది" అన్నారు అందరూ. ఎక్కడ బాగుంది? ఎందుకు బాగుంది? అప్పుడు చేతిలోకి తీసుకుని చూశారు. "కాడ సన్నగా ఉంది, వేళ్లకు పట్టు దొరుకుతోంది" అన్నాడొకడు. "పసుపూ ఎరుపూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఎలా వేశారు?" అని అడిగింది మరొక పిల్ల.

అదీ ప్రశ్న! అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్కను నొక్కిపడతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. "బాగుంది" అంటే పనివాడు నవ్వి ఊరుకుంటాడు. ఇలా అడిగితే పని ఆపి చెబుతాడు. వ్రాసినవారి సంగతీ అంతే.

దీన్నిబట్టి పిల్లలకు నాలుగు నియమాలు చెప్పాము. రెండుసార్లు చదవకుండా కలం పట్టరాదు. నచ్చిన వాక్యం ఏదో చూపి, ఎందుకు నచ్చిందో చెప్పాలి. వ్రాసినవారు జవాబు చెప్పాలనుకునేటట్టు ఒక ప్రశ్న అడగాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పి, క్రింద తన పేరు వ్రాయాలి. మాటను కాదనవచ్చు గాని మనిషిని చిన్నచేయరాదు. అక్షరదోషాలు గోడమీద కాదు, చెవిలో చెప్పాలి. తప్పు దిద్దవద్దని కాదు, నలుగురిలో దిద్దవద్దని.

చాలా వ్రాయాలని కూడా ఏమీ లేదు. 1947 జూలైలో మొదలైన "చందమామ"లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, పెద్దలకు జ్ఞాపకమే. రెండు ఫోటోలకు రెండు చిన్న మాటలు. కాని ఒకదానికొకటి పొసగాలి. దానికోసం ఫోటోలను ఎంతసేపు చూసేవాళ్లమో! మాట పొట్టిదయినా చూపు పొట్టిది కాలేదు.

పై దేశాలలోనూ ఈ దారి తొక్కినవారున్నారు. ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1920లలో తరగతిలోనే చిన్న అచ్చుయంత్రం పెట్టించాడు. పిల్లలు తాము వ్రాసినవి చదివి వినిపించేవారు. ఏది అచ్చు వేయాలో అందరూ కలిసి ఎంచి, వ్రాసినవారిని దగ్గర పెట్టుకునే దానిని దిద్దేవారు. ఈ ఆఖరి మాట మనం గట్టిగా పట్టుకోవాలి.

కుట్టుపని గురించి వ్రాసిన పిల్ల కాగితం మేము తీసివేయలేదు. మూడో వారం ఒక పిల్లవాడు దాని క్రింద ఇలా వ్రాశాడు: "రాత్రి కరెంటు పోతే మీ అమ్మ ఏం చేస్తుంది? గుండీలు నువ్వు కుడతావా?" ఆ పిల్ల జవాబు పేజీన్నర వచ్చింది. అందులోనూ ఒత్తులు తప్పే ఉన్నాయి. మెల్లగా సర్దుకుంటాయి.

పెద్దలారా, ఇది గోడపత్రికతో పోయే సంగతి కాదు. రేపు ఈ పిల్లలే ఇటువంటి సభలలో కూర్చుంటారు. లెక్కలు చదివినప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకోవటమో, గిట్టనివాణ్ణి దెప్పటమో తప్ప మూడో దారి తెలియకపోతే సంఘం ఎలా నడుస్తుంది? "ఈ ఖర్చు ఎందుకయింది, దయచేసి చెప్పండి" అని మర్యాదగా అడగగలవారు కావాలి. అడిగినందుకు నొచ్చుకోకుండా జవాబు చెప్పగలవారూ కావాలి.

కాబట్టి తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఇంట్లో పిల్ల ఏదన్నా వ్రాసి చూపిస్తే "శభాష్" అని పక్కన పెట్టేయకండి. ఒక్క ప్రశ్న అడగండి. చదవటం రాని తల్లి అయితే చదివించుకుని వినండి. విని అడిగినా ప్రశ్నే.

 ఈ ప్రసంగం బాగుందని మాత్రం అనకండి. ఎక్కడ ఒప్పుకోలేదో చెప్పండి.