తీరమునుండి ఘంటాపథమువరకు
(డొంకూరున జరిగిన మత్స్యకార కులముల వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు మనవి చేసికొనుటకు నా కవకాశ మొసగిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. మన బిడ్డల విద్యను గూర్చియు, మనలను షెడ్యూల్డు తెగలలో చేర్చవలెనను చిరకాలపు కోరికను గూర్చియు, వేటనిషేధకాలపు భృతిని గూర్చియు ప్రసంగించుటకు నాకంటె నెక్కువ తెలిసిన పెద్దలు ఈ వేదికపై నున్నారు. నే నెన్నుకొనిన విషయము చూచుటకు చిన్నది. సముద్రపు టొడ్డునుండి పెద్దరోడ్డువరకు గల నాలుగైదు మైళ్ళ బాటను గూర్చి మాత్రమే నేను మాటలాడెదను. డొంక యనగా బండి నడచు బాట యని గదా తెలుగున నర్థము! ఆ మాటను చెవికి వినిపించు డొంకూరున నిలిచి బాటను గూర్చి ప్రసంగించుట యుచితమనియే తలచుచున్నాను.

మొట్టమొదట కొంచెము పూర్వచరిత్ర చెప్పవలసియున్నది. 1866వ సంవత్సరమున ఒరిస్సాను, మన గంజాముసీమను గొప్పకరవు పట్టి పీడించినది. లక్షలకొలది జనులు మడిసిరి. పంట పోవుట యొక కారణము. ఇతరదేశములనుండి ధాన్యము తెచ్చి పంచుటకు తగిన బాటలు లేకపోవుట, వర్షకాలమున ఓడలు తీరము చేరలేకపోవుట మరియొక కారణము. బాట లేనిచోట ఆకలి యెట్లు ప్రాణములు దీయునో ఆ కరవు సర్కారువారికి దెలిపినది. పిమ్మట 1893 మొదలు 1896 వరకు తూర్పుకోస్తా రైలుమార్గము బెజవాడనుండి కటకమువరకు వేయబడినది. అప్పటికి మన ప్రాంతము చెన్నరాజధానిలోని గంజాముజిల్లాలో నుండెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్ర మగుటతో మనము విశాఖపట్టణముజిల్లాలో గలిసితిమి. 1950 ఆగష్టు 15న శ్రీకాకుళముజిల్లా యేర్పడినది. జిల్లా రెండుమారులు మారినను, రైలుదారి మాత్రము మారలేదు. దాని ప్రక్కనే నేడు 16వ నంబరు జాతీయ రహదారి, పూర్వము 5వ నంబరనబడినది, కలకత్తాకును మద్రాసునకును నడుమ పరుగులు దీయుచున్నది.

అయితే ఒక విశేషమును గమనింపుడు. ఈ రైలుదారిమీద కొన్ని స్టేషనుల పేర్లు చివర 'రోడ్డు' అను మాట గలదు. మందస రోడ్డు, శ్రీకాకుళం రోడ్డు అని వినియున్నారు గదా. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో నున్నది. అనగా, 'ఇచ్చటివరకు మేము దెచ్చితిమి, ఇక నీ యూరికి రోడ్డు నీవు చూచుకొమ్ము' అని దాని భావము. ఈ సంగతి పర్లాకిమిడి రాజావారు బాగుగ గ్రహించిరి. పెద్దలైను నౌపడామీదుగా పోవుచుండగా, తమ పట్టణమునకు దానితో సంబంధము లేకున్న ప్రయోజనము లేదని, 1900 సంవత్సరమున నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు వేయించిరి. అది 1931 నాటికి గుణుపురము చేరినది. 2004లో ఆ చిన్నలైను మూసివేయబడి, పెద్దలైనుగా మారి 2011లో మరల గుణుపురమువరకు రైళ్ళు నడచినవి. కొండవైపునకు శాఖ వేయించుటకు ఒక రాజుండెను. సముద్రమువైపునకు శాఖ వేయించుటకు మనకే రాజును లేడు. నేటి రాజ్యాంగమున మనమే మనకు రాజులము గనుక ఆ పని మనమే చేయించుకొనవలెను.

ఈ నాలుగైదు మైళ్ళ బాటకు ఇంత ప్రాముఖ్యమెందుకని కొందరడుగవచ్చును. చేప యొక్క స్వభావమే దానికి జవాబు. వడ్లు నెలలు నిలువయుండును, జీడిపిక్క సంవత్సరముండును, కొబ్బరికాయ కొన్నివారములుండును. చేప మాత్రము వల విడిచిన గడియనుండి పాడగుట కారంభించును. మంచు కరగు చలిలో, అనగా 0 డిగ్రీల వద్ద నుంచిన చేప కంటె 10 డిగ్రీల వద్ద నుంచిన చేప సుమారు నాలుగింతల వేగముగ చెడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వేసవిని మన తీరమున నెండ యెంతయో మీకు నేను చెప్పనక్కరలేదు. అందులో కవ్వళ్ళు, కానాగంతలవంటి నూనెచేపలు మరింత త్వరగా చెడిపోవును. చేపయెత్తునకు సమానముగ మంచు వేయవలెనని చెప్పుదురు. ఆ మంచు పట్టణమునుండి తీరమునకు రావలెను, తిరిగి చేప తీరమునుండి పట్టణమునకు పోవలెను. గోతులబాటమీద ఈ ప్రయాణము రెండుసార్లు. వచ్చునప్పుడు మంచు కరగును. పోవునప్పుడు చేప నలుగును. ఒడ్డున బేరమాడు వర్తకుడు ఈ లెక్క మనకంటె బాగుగ నెరుగును. బాట చెడిన దినమున మన సరకునకు వేరుదారి లేదని యతనికి దెలియును గనుక వెల తగ్గించును. సముద్రముతో పోరాడి తెచ్చిన సొమ్మును మనము బాటమీద పారవేసికొనుచున్నామని నా యభిప్రాయము.

ఇందుకు ఫలితముగ మన యువకు లేమగుచున్నారో చూడుడు. బారువ మొదలు భావనపాడు వరకు, ఎగువను డొంకూరు వరకు, ఏ పల్లెలో విచారించినను గుజరాతులోని వేరావలు పేరు తెలియని యిల్లుండదు. 2018 నవంబరులో ఆ వేరావలునుండి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థానువారి చేత జిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దువద్ద మనదేశమున కప్పగింపబడిరి. అదే సంవత్సరము కరోనా మహమ్మారి వలన దేశమంతయు స్తంభించినప్పుడు, మనవారు వేలకొలది గుజరాతుతీరమున పడవలలోనే చిక్కుకొని, ఏప్రిలు చివరను, మే నెలలోను బస్సులలో ఇండ్లకు చేరిరి. సముద్రము మన యింటిముందే యుండగా పరదేశపు సముద్రమునకు కూలికి పోవుట కేవలము బాట లేమివలననే యని నేననను. రేవు, మంచు, మదుపు కూడ కావలయును. 2023 ఏప్రిలు 19న మూలపేట రేవునకును, బుడగట్లపాలెము చేపలరేవునకును శంకుస్థాపనలు జరిగినవి. రేవులు వచ్చినచోట బాటలును వచ్చును. కాని డొంకూరువంటి యొడ్డునకు పెద్దరేవు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. ఉన్న యొడ్డునుండి ఉన్న రహదారివరకు నిలుకడగల బాటయుండిన చాలును.

నిలుకడ యను మాటను నేను బుద్ధిపూర్వకముగనే వాడితిని. మనము కొత్తరోడ్డు నడుగుచున్నాము, శంకుస్థాపనకు పూలదండలు వేయుచున్నాము. రెండువానలకు అది యెందుకు చెడెనో విచారించుట లేదు. రోడ్డునకు శత్రువులిద్దరు: నీరు, బరువు.

నీటి సంగతి మొదట. మన తీరము ఇసుకనేల. తారుపొర క్రింద నీరు నిలిచినచో క్రిందిగట్టి మెత్తబడి పైపొర పగులును. నీరు పారునప్పుడు రోడ్డంచున ఇసుక కొట్టుకొనిపోయి పొర విరుగును. అందుకే నడుమ నెత్తుగను అంచులు వాలుగను వేయుదురు, ప్రక్కలను కాలువలు త్రవ్వుదురు, తూములు గట్టుదురు. ఇంజనీరు చేసిన ఈ యేర్పాటును పాడుచేయువారిలో మనమును గలము. ఇంటిమెట్లు కాలువమీదికి జరుపుదుము; వాడుకనీరు రోడ్డుమీదికి వదలుదుము; తూములో చెత్త వేయుదుము; రోడ్డు సగము ఆక్రమించి వలలు ఆరవేయుదుము. ఇది కోపముతో చెప్పుట లేదు. మన యిల్లు మనము చక్కబెట్టుకొననిదే ప్రభుత్వమును నిలదీయుటకు నోరు రాదు.

ఇక బరువు. 1958–60 సంవత్సరములలో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున రోడ్లమీద లారీలను పదేపదే నడపి ఒక గొప్ప పరీక్ష చేసిరి. ఇరుసుమీది బరువు రెట్టింపైన రోడ్డునకు హాని రెట్టింపు గాదు, సుమారు పదునారింతలగునని దానివలన దేలినది. కాబట్టి పల్లెబాటమీద నూరు ఆటోలు చేయని చేటును అధికభారముతో వచ్చిన ఒక్క ఇసుకలారీ చేయగలదు. దూరపు సాక్ష్యమెందుకు? మన యిచ్ఛాపురమువద్ద బాహుదానదిమీద బ్రిటిషువారి కాలపు పాతవంతెన 2023 మే నెలలో గ్రానైటురాయి మోయుచున్న లారీతోకూడ కూలినది. తరములకొలది నిలిచిన కట్టడము ఒక్క బరువునకు ఒరిగినది. వంతెనకు తాళని బరువు మన పల్లెబాటకు తాళునా?

ఇంతవరకు సొమ్మును గూర్చి చెప్పితిని. ఇప్పుడు ప్రాణమును గూర్చి చెప్పెదను. ఉద్దానమును పట్టి పీడించుచున్న మూత్రపిండముల వ్యాధిని గూర్చి ఈ సభలో వివరింప నక్కరలేదు. డయాలిసిసు చేయించుకొను రోగి వారమునకు రెండుమూడుసార్లు ఆసుపత్రికి పోయి, ఒక్కొక్కసారి సుమారు నాలుగుగంటలు యంత్రమునకు కట్టువడి యుండి, నీరసించి తిరిగిరావలెను. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రమును ప్రారంభింపబడినవి. సంతోషమే. కాని ఇచ్ఛాపురమునుండి పలాస సుమారు 50 కిలోమీటరులు. రహదారిమీది ఆ ప్రయాణమునకు రోగి యోర్చుకొనును. ఇంటినుండి రహదారివరకు గోతులలో కుదుపుల కోర్వలేడు. ప్రసవవేదన పడు తల్లికిని ఇదే గతి. 108 వాహనము 2005 ఆగష్టు 15న మన రాష్ట్రమున ఆరంభమైనది. అది యెంత వేగముగ వచ్చినను, తుదిమైలులో నడకబండియే యగును.

తుఫానుల మాట చెప్పనే వలదు. 2013 అక్టోబరు 12న ఫైలిను గోపాలపురమువద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసకు సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని జీడిమామిడిని నేలగూల్చినది. పడిన చెట్లు బాటలను కప్పివేసినవి. కరెంటు, మంచినీరు లేక పల్లెలు దినములకొలది యలమటించినవి. తుఫానునకు ముందు జనులను తరలించుటకు ఏ బాటయో, తరువాత బియ్యము నీరు వచ్చుటకును అదియే బాట. అట్టి బాట మన తీరపుపల్లెల కనేకములకు ఒక్కటే.

సోదరీమణులను గూర్చి ఒక్కమాట. చేప పట్టువాడు మగవాడైనను, గంప నెత్తిన బెట్టుకొని దానిని సొమ్ముగ మార్చునది స్త్రీ. 2025 ఆగష్టు 15 మొదలు ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు మొదలైన బస్సులలో ఉచితప్రయాణ మేర్పడినది. బస్సు రాని యూరిలో ఉచితపుటికెట్టున కేమి విలువ? బస్సు వచ్చినను చేపలగంప నెక్కించుకొనుటకు వెనుకాడుచున్నచో మన తల్లులు ఆటోకు కూలి యిచ్చుకొనవలసినదే. వేకువను సంతకు బోవు వేళకు ఒక బస్సు, దానిలో గంపలకు ప్రత్యేకస్థలము: ఈ కోరిక చిన్నది, న్యాయమైనది.

ఇక చేయవలసినవి. మొదటిది: మన బాట యెవరిదో తెలిసికొనుడు. జాతీయ రహదారి కేంద్రమువారిది. కొన్ని రోడ్లు భవనముల శాఖవారివి. కొన్ని పంచాయతీరాజ్ వారివి. ఒకరిని అడుగవలసినది మరియొకరి నడిగిన సంవత్సరములు వ్యర్థమగును. రెండవది: 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ పథకము క్రింద వేసిన బాటలకు ఐదేండ్ల నిర్వహణ గుత్తేదారుని ఒడంబడికలోనే గలదు. బాటచెంతనున్న పలకమీది వివరములను వ్రాసికొనుడు. పలక లేనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద నడుగుడు. మూడవది: 73వ రాజ్యాంగసవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో చేపలపరిశ్రమయు గలదు, బాటలు తూములు వంతెనలును గలవు. రెండింటిని కలిపి గ్రామసభలో తీర్మానము చేసి వ్రాతమూలకముగ పంపుడు. అధికభారపు లారీల సంగతియు అందులో చేర్పుడు. నాలుగవది: 2020లో వచ్చిన మత్స్యసంపద యోజనలో మంచుపెట్టె గల వాహనములకు మామూలువారికి 40, స్త్రీలకును షెడ్యూల్డు కులములు తెగలవారికిని 60 వంతుల చొప్పున నూటికి సాయము నిర్ణయింపబడినది. మన స్త్రీల సంఘములు ముందునకు రావలెను. ఐదవది మన చేతిలోనిదే: వానలకు ముందు ఒక దినము, ప్రతి యింటినుండి ఒక మనిషి, పార గంప పట్టుకొని కాలువలు తూములు శుభ్రపరుపుడు. పెద్దవల లాగునప్పుడు ఊరంతయు ఒక్క త్రాటిని పట్టుకొనదా? ఆ కట్టుబాటు ఒడ్డు దాటి నాలుగుమైళ్ళు రావలెనని నా ప్రార్థన.

వచ్చే మహాసభనాటికి ప్రతిపల్లెవారును తమ బాట పొడవెంత, తూములెన్ని, చెడినవెన్ని, ఏ యధికారికి ఏ తేదీని వ్రాసితిమి, ఏమి జవాబు వచ్చినది అను పట్టిక తెచ్చి యీ వేదికమీద చదువవలెనని తీర్మానింప గోరుచున్నాను. మన వలలో ఎన్ని కన్నులు తెగినవో మనము ప్రతిదినము లెక్కించి కుట్టుకొనుచున్నాము. బాటయును మన వృత్తికి వలవంటి పనిముట్టే. దానిని సయితము అట్లే చూచుకొందము.

గంగమ్మతల్లి మన పడవలను, బాటలను, బిడ్డలను చల్లగ చూచుగాక! సెలవు.