ట్యూబు ద్వారా ఆహారం: ఎప్పుడు, ఎంతవరకు?



మన ఇళ్లలో ఎవరైనా మంచాన పడితే చూడవచ్చిన వారు మొదట అడిగేది "ఏమైనా తిన్నారా?" అనే. అందుకే డాక్టరుగారు ట్యూబు మాట ఎత్తగానే కుటుంబమంతా తల్లడిల్లుతుంది. ఆ ట్యూబు ఎందుకు వేస్తారో ముందుగా తెలుసుకుందాం.

నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లలో మింగడం కష్టమవుతుంది. రేడియేషన్ ఇచ్చే వారాల్లో నోరు పుండై మంచినీళ్లు కూడా దిగకపోవచ్చు. బరువు బాగా తగ్గితే చికిత్స మధ్యలో ఆపవలసి రావచ్చు. అలాంటివారికి ముక్కు ద్వారా పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు ఎంతో మేలు చేస్తుంది. నాలుగైదు వారాలకు మించి అవసరమైతే ఎండోస్కోపీ సాయంతో నేరుగా పొట్టకే ట్యూబు అమరుస్తారు. దీనిని పెగ్ అంటారు. మింగే శక్తి తిరిగి వస్తే తీసివేస్తారు.

ఇంటి దగ్గర ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ఆహారం పోసేటప్పుడు, పోశాక కనీసం అరగంటసేపు తలవైపు ఎత్తుగా ఉంచండి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.
2. రాగిజావ, పాలు, పప్పుకట్టు ఏదైనా పలుచగా చేసి, వడకట్టి, గోరువెచ్చగా, నెమ్మదిగా పోయండి. ఎంత పోయాలో డైటీషియన్ చెబుతారు.
3. ముందు, తర్వాత సుమారు 30 మి.లీ. నీళ్లు పోస్తే ట్యూబు మూసుకుపోదు.
4. ట్యూబు జరిగినా, దగ్గు లేదా ఆయాసం వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి.
5. నోటితో తినకపోయినా నోరు రోజూ శుభ్రం చేయాలి.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో షిఫ్టులు చేసే పిల్లలున్న ఇళ్లలో ఈ పనంతా ఒక్క అమ్మ మీదే పడుతుంది. వేళలు కాగితం మీద రాసి, పని పంచుకోండి. రోగికి ట్యూబు ఉందని భోజనాల వేళ గదిలో ఒంటరిగా వదిలేయకండి. డాక్టరు ఒప్పుకుంటే ఇష్టమైన రుచి కొద్దిగా నాలుకకు తగిలించండి.

ఇప్పుడు కష్టమైన మాట. జబ్బు ముదిరి చివరి రోజులకు వచ్చినప్పుడు శరీరం ఆహారాన్ని ఉపయోగించుకోలేదు. ఆకలి దానంతటదే తగ్గుతుంది. ఆ దశలో ట్యూబు సాధారణంగా ఆయుష్షు పెంచదు. పొట్ట ఉబ్బరం, వాంతులు, గొంతులో గురగుర ఎక్కువ కావచ్చు. "ఆకలితో పంపేశామా?" అని మీరు కుమిలిపోవద్దు. ఆ వ్యక్తిని తీసుకుపోతున్నది జబ్బు. తినలేకపోవడం కూడా ఆ జబ్బులో భాగమే. పెదవులు తడపండి, అడిగితే చెంచాడు నీళ్లు జాగ్రత్తగా ఇవ్వండి, చెయ్యి పట్టుకుని కూర్చోండి. కొసరి కొసరి అన్నం పెట్టిన ప్రేమే ఇది కూడా.

నిర్ణయానికి ముందు డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. ట్యూబు వల్ల ఏ మేలు ఆశిస్తున్నాం? మళ్లీ ఎప్పుడు ఆలోచిద్దాం? ఇబ్బందయితే తీసేయవచ్చా? వీటన్నిటికంటే ముందు, మాట్లాడగలిగిన స్థితిలో ఉండగానే రోగి ఇష్టాన్ని అడగండి.

మీరు ఒంటరివారు కారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. 2011లో మొదలై, ఇప్పుడు ఖాజాగూడలో ఉన్న స్పర్శ్ హాస్పిస్ ముదిరిన క్యాన్సర్ రోగులకు ఉచితంగా సేవ చేస్తోంది. సాయం అడగడానికి చివరి రోజు వరకు ఆగకండి.