దక్కిన బిడ్డలు, దక్కని బిడ్డలు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఎంతమంది పిల్లలండీ?" అని ఎవరైనా అడిగితే మా అమ్మమ్మ, "తొమ్మిదిమందిని కన్నాను, అయిదుగురు దక్కారు" అనేది. వడియాల పిండి కలుపుతూనే అనేది, గొంతులో ఏ మార్పూ లేకుండా. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ అలాగే అని వుంటారు. ఆ "దక్కటం" అన్న మాట మన వీధుల్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో మనం గమనించనే లేదు. 1971లో మన దేశంలో వెయ్యిమంది పిల్లలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ అంకె 28కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 24. దీన్నే శిశు మరణాల రేటు అంటారు. సంతోషించవలసిన సంగతే.

కొన్నేళ్ళ క్రితం మావారి ఉద్యోగరీత్యా మేము పాడేరులో వున్నాం. చోడవరం మీదుగా ఘాటు ఎక్కి వెళ్ళాలి. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు అదే ముఖ్యపట్టణం. అక్కడ మా ఇంటికి అడ్డాకులు తెచ్చి అమ్మే ఒకామె వుండేది. పెళ్ళిళ్ళలో మనం భోంచేసే అడ్డాకు విస్తళ్ళు చాలావరకు ఆ కొండల ఆకులే. "ఏమమ్మా, పిల్లలెందరు?" అన్నాను. "ఇద్దరమ్మా" అంది. ఆమె వూరి ఆశా కార్యకర్త ఒకరోజు పక్కనే వుండి, ఆమె వెళ్ళాక మెల్లగా అంది: "నాలుగు కాన్పులమ్మా ఆమెకి."

మా అమ్మమ్మ దక్కనివాళ్ళని కూడా లెక్క చెప్పేది. ఈమె చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? అదే ఇవాళ మీతో మాట్లాడదామనుకున్నది.

ఇంట్లో అయిదుగురు, రోజుకి అయిదు గ్లాసుల పాలు. పద్దు చూస్తే తలకో గ్లాసు. కోడలి గ్లాసులో ఎన్ని పాలున్నాయో ఆ పద్దు చెబుతుందా? సగటు లెక్క సంగతి ఇంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శిశు మరణాల రేటు దేశం మొత్తానికి 35, గిరిజన కుటుంబాలలో 42 దాకా. (ఇందాకటి 28 వేరే పద్ధతిలో తీసిన అంకె. రెంటినీ కలపకండి, తేడా మాత్రం చూడండి.) ఇది కూడా దేశంలోని గిరిజనులందరి సగటే. పెదబయలు కొండమీది గూడేనికి వేరే అంకె లేదు. వుండదు కూడా. ముప్పై ఇళ్ళ గూడెంలో ఏడాదికి ముగ్గురో నలుగురో పుడతారు. ముగ్గురిలో ఒకరు పోతే వెయ్యికి 333, ఎవరూ పోకపోతే సున్నా! అంత చిన్నచోట రేటుకి అర్థం లేదు. ఏ ఇంట్లో, ఏ బిడ్డ, పుట్టిన ఎన్నో రోజున, ఏమయి పోయిందీ అన్నదే అర్థం.

అది ఎవరు రాస్తారు? 1969 చట్టం ప్రకారం పుట్టుక, చావు 21 రోజుల్లో తెలపాలి. కానీ బిడ్డ ఇంట్లోనే పుట్టి మూడోనాడు ఇంట్లోనే పోతే, ఆ తల్లి గెడ్డ దాటి వచ్చి ఎవరికి చెబుతుంది? పుట్టుకా రాయలేదు, చావూ రాయలేదు. కాగితంమీద ఆ గూడేనికి ఏ కష్టమూ లేదు! ఇంకో చిత్రం. ఏ చావయినా జరిగిన చోటే నమోదవుతుంది. డోలీలో మోసి, జీపెక్కించి, విశాఖపట్నం తీసుకువచ్చాక ప్రాణం పోతే, ఆ చావు పట్నం పుస్తకంలోకి ఎక్కుతుంది.

అందుకే ఆ వూరి మనిషే కావాలి. కువి మాట్లాడే ఇంట్లో కువి, ఒడియా మాట్లాడే ఇంట్లో ఒడియా తెలిసిన మనిషి. 1977లో దేశమంతటా సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం పెట్టారు. ఎంచుకున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు! బాలింత గదిలోకి మగవాణ్ణి ఎవరు రానిస్తారండీ? ఏ ఇల్లాలినడిగినా చెప్పేది. 2005 తరువాత ఆశా కార్యకర్తలు వచ్చాకగానీ ఆ పొరపాటు దిద్దుకోలేదు.

మహారాష్ట్రలో, మన తెలంగాణ సరిహద్దునే వున్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 39 పల్లెల్లో వూరి ఆడవాళ్ళకే నేర్పించారు. పసిగుడ్డుని వెచ్చగా వుంచటం, తూకం వెయ్యటం, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో లెక్కపెట్టటం. అరవై, ఆ పైన వుంటే ప్రమాదం. మొదటి నెలలో పోయే పిల్లల సంఖ్య మూడేళ్ళలో 62 శాతం తగ్గిందని 1999లో ప్రకటించారు. ఇవాళ పురుడు ఆస్పత్రిలో పోసుకున్నా, ఆశా మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళి బిడ్డని చూడాలన్న నియమం ఈ దారినే వచ్చింది.

సముద్రాల అవతల బ్రెజిల్‌లోనూ ఇదే కథ. సియరా అనే రాష్ట్రంలో 1987లో కరువొచ్చి, పనిలేని పల్లె ఆడవాళ్ళకి కరువు పని కింద ఆరోగ్య కార్యకర్త పని ఇచ్చారు. నెలకోసారి ప్రతి గడపా తొక్కటం, పిల్లల్ని తూచటం, రాసుకోవటం. కరువు పోయినా ఆ పని పోలేదు. 1991లో దేశమంతా పెట్టుకున్నారు. మన దగ్గర ఆశాలకి మొదట్లో జీతమంటూ లేదు, పనికింతని ఇచ్చేవారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదివేలు చేశారు. కొండలెక్కి దిగే కాళ్ళకి అది ఎక్కువేమీ కాదని నా మటుకు నేననుకుంటాను.

నెలలు నిండినవాళ్ళు ముందే దిగివచ్చి వుండటానికి ఆ ప్రాంతంలో వసతి గృహాలు పెట్టారు. మంచి ఆలోచన. అయినా కొందరు రారు. వాళ్ళకి తెలియక కాదండీ. ఇంట్లో రెండేళ్ళ పిల్లని ఎవరు చూస్తారు, పోడులో కలుపు ఎవరు తీస్తారు? పురిటికి వెళ్ళేముందు మనం పక్కింటావిడకి ఎన్ని అప్పగింతలు పెట్టి వెళతామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

మేము పాడేరు వదిలి వచ్చేముందు ఆ ఆశా కార్యకర్త తన నోటుపుస్తకం చూపించింది. ఒక్కో బిడ్డకి ఒక్కో పేజీ, స్కేలు పెట్టి గీసిన గడులు. ఒక పేజీలో మూడోరోజు గడిలో టిక్కు వుంది, ఏడోరోజు గడిలో వుంది. ఆ తరువాత గడులన్నీ ఖాళీ. పేరు రాయవలసిన చోట "ఇంకా పెట్టలేదు" అని వుంది. తల్లి పేరు చూస్తే మా అడ్డాకులామె.

"ఈ పేజీ ఇంకా ఎందుకమ్మా?" అన్నాను.

"నెల మీటింగులో చదవాలి కదమ్మా" అంది, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ.