నేల సంపెంగ దుంపలు



సాయంత్రం పూట నేల సంపెంగ విచ్చుకుంటే వాకిలంతా వాసన వస్తుంది. దీన్నే కొందరు లిల్లీ అంటారు. దండల్లో కట్టే తెల్లపువ్వు ఇదే. ఈ మొక్క మెక్సికో దేశం నుంచి వచ్చింది. ఇప్పుడు మన పెరట్లో మన మొక్క అయిపోయింది.

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఉన్నారనుకోండి. ఇద్దరూ తలా పాతిక దుంపలు నాటారు. పెద్దకోడలు ప్రేమకొద్దీ రోజూ బిందెడు నీళ్లు పోసింది. నెల తిరక్కుండానే దుంపలు కుళ్లిపోయాయి. "నా చెయ్యి మంచిది కాదు" అని బాధపడింది.

చెయ్యి మంచిదే. నీళ్లే ఎక్కువయ్యాయి.

దుంప అంటే మొక్క దాచుకున్న సద్దిమూట. లోపల తిండి ఉంటుంది, తడి ఉంటుంది. అందుకే మొలక వచ్చేదాకా నీళ్లు కొంచెం చాలు. నీరు నిలిస్తే మూట కుళ్లుతుంది.

చిన్నకోడలు ఏం చేసింది? ఎండ బాగా తగిలే చోటు చూసింది. నీరు నిలవకుండా మట్టి ఎత్తు చేసింది. బాగా మాగిన పశువుల ఎరువు కలిపింది. మెత్తబడిన దుంపలు పారేసింది, గట్టివి ఏరింది. జూన్ నెలలో నాటింది. మొన పైకి ఉంచి, రెండంగుళాల లోతులో పెట్టింది. దుంపకీ దుంపకీ జానెడు ఎడం ఇచ్చింది. మొలక వచ్చాక, మట్టి ఆరినప్పుడే తడిపింది. మూడు నెలలు దాటాక పూలకాడలు లేచాయి.

పూలు అయిపోగానే "ఇంక పీకెయ్యవే" అంది పెద్దకోడలు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, నిజమే. కానీ దాని చుట్టూ పిల్లదుంపలు పుడతాయి. తరవాత పూసేవి అవే. అందుకని ఎండిన పూలకాడ కోయండి, పచ్చటి ఆకులు కోయకండి. ఆ ఆకులే పిల్లదుంపల్ని పెంచుతాయి.

ఆకులు పసుపుపచ్చగా మారితే నీళ్లు ఆపండి. ఎండిపోయాక దుంపలు తవ్వండి. మట్టి దులిపి నీడలో ఆరబెట్టండి. నెల దాటాక మళ్లీ నాటండి. లావు దుంపలు పూలకు, సన్నవి వేరే మడికి. తవ్వకుండా మూడేళ్లు ఒకేచోట ఉంచొచ్చు. ఆపైన దుంపలు ఇరుకైపోయి పూలు తగ్గుతాయి.

రెండో ఏడు చిన్నకోడలి పెరడు నిండింది. తెల్లవారుజామునే పూలు కోసి అమ్మింది. ఏ రోజు ఎంత తూచిందో నోటుపుస్తకంలో రాసుకుంది. నెలాఖరున పూల బేరగాడు "కిలోన్నరే ఇచ్చావమ్మా" అన్నాడు. ఆమె పుస్తకం తెరిచింది. తేదీలు చదివింది, కూడి చూపించింది. రెండు కిలోలు! అతను మారు మాట్లాడకుండా మిగతా డబ్బు ఇచ్చాడు.

ఆ సాయంత్రం పెద్దకోడలు చేట పట్టుకొని వచ్చింది.

"చెల్లీ, నాకూ నాలుగు పిల్లదుంపలు ఇవ్వు. ఆ లెక్క రాయడం కూడా నేర్పు" అంది.

చిన్నకోడలు చేట నింపింది. పలక తెచ్చి పక్కన కూర్చుంది.